పలాస పిక్క, తలకిందుల లెక్క

పోయిన నెల మా టీములో ఒక కొత్త రిలీజు మీద డెమో పెట్టారు. వ్యాపారాలు నడిపే సాఫ్ట్‌వేర్లో తయారీ, సరుకు నిల్వల విభాగాలకి కొత్తగా ఏమేం చేర్చారో చూపించడం దాని ఉద్దేశం. ఇకమీదట ఒక ముడిసరుకు లోపలికి వెళితే నాలుగైదు రకాల సరుకులు బయటికి రావచ్చునట. ఒక్కోదానికి ఖర్చులో ఇంత శాతం అని పంచవచ్చునట. శాతాలన్నీ కలిపి వంద దాటితే సిస్టమ్ ఒప్పుకోదట. చూపిస్తున్న కుర్రాడు ఉదాహరణకి పెట్రోలు రిఫైనరీ తీసుకున్నాడు. అందరూ బాగుంది బాగుంది అన్నారు. నేను మాత్రం పలాసలో ఆగిపోయాను.

పలాస అంటే హౌరా-చెన్నై రైలు మార్గంలో జీడిపప్పు పొట్లాలు కిటికీలోంచి అందించే స్టేషన్ అని చాలామందికి తెలుసు. పలాస-కాశీబుగ్గ జంట ఊళ్ళలో, చుట్టుపక్కల కలిపి రెండొందల పైచిలుకు జీడి మిల్లులు ఉన్నాయి. ఆ మిల్లుల గుమస్తాలు ఒక సరుకుని అనేక సరుకులుగా విడగొట్టి, ఖర్చు పంచి, తరుగు రాసి, ఎర్ర అట్ట పుస్తకాల్లో దశాబ్దాలుగా చేస్తున్న పని మా డెమోలో 'కొత్త ఫీచర్' అయి కూర్చుంది. ఇంత ఆలస్యం ఎందుకైందన్నది నా ప్రశ్న. జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన సాఫ్ట్‌వేర్లలో తయారీకి గుండెకాయ లాంటిది బిల్ ఆఫ్ మెటీరియల్స్, బి.ఓ.ఎం. ఒక వస్తువు చెయ్యడానికి ఏవి ఎన్ని కావాలో చెప్పే పట్టిక. దీన్ని కంప్యూటర్ మీద నడిపించిన తొలి ప్రయత్నాలు 1960లలో అమెరికాలో జరిగాయి. 1964లో బ్లాక్ అండ్ డెకర్ వాళ్ళు వాడారు. అదే కాలంలో జోసెఫ్ ఆర్లికీ అనే ఆయన ట్రాక్టర్లు చేసే జె.ఐ.కేస్ కంపెనీలో ఈ పద్ధతి మీద పనిచేశాడు. తర్వాత 1975లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్ అంటే మనవాళ్ళు ఎం.ఆర్.పి. అనేది ఇదే (సబ్బు మీద వేసే ఎం.ఆర్.పి. కాదండోయ్). 1990లో గార్ట్‌నర్ వాళ్ళు ఈఆర్పీ అని పేరు పెట్టాక లోపల చాలా చేరాయి కానీ, ఆ గుండెకాయ అదే.

ఇందులో గమనించాల్సింది, ఆ లెక్క పుట్టింది డ్రిల్లింగ్ మిషన్లు, ట్రాక్టర్లు చేసే చోట. వంద ట్రాక్టర్లు కావాలంటే నాలుగొందల చక్రాలు కావాలి, ఒక్కో చక్రానికి ఇన్ని బోల్టులు కావాలి. పైన ఒక్కటి, కింద వేలు. వేళ్ళన్నీ వచ్చి ఒక మానులో కలిసినట్టు అన్నీ ఒకచోట కలుస్తాయి. బోల్టు ఎప్పుడూ బోల్టే. పొద్దున్న వచ్చిన బోల్టుకీ సాయంత్రం వచ్చిన బోల్టుకీ తేడా ఉండకూడదు, ఉంటే అది సప్లయరు తప్పు. డేటాబేస్ టేబుల్ కూడా అలాగే గీశారు. తండ్రి వస్తువు, పిల్ల వస్తువు, పరిమాణం. మనలో చాలామంది ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఆ టేబుల్ మీద రికర్సివ్ క్వెరీ రాసి మురిసిపోయినవాళ్ళమే :)

జీడిపిక్క ఈ చెట్టుని తలకిందులు చేస్తుంది. పిక్క ఒక్కటే. బయటికొచ్చేవి గుండు, బద్ద, ముక్క, ఇంకా చిన్న నలుసు. గుండులో మళ్ళీ సైజులు. డబ్ల్యూ 180, 210, 240, 320, 450 అని డబ్బాల మీద ఉంటాయే, ఆ అంకె పౌనుకి దాదాపు ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. అంకె తక్కువైతే గుండు పెద్దది, ధర ఎక్కువ. ఇవిగాక పెంకు, దాంట్లోంచి తీసే జీడినూనె, పప్పు మీద ఎర్ర పొట్టు. వీటికీ కొనేవాళ్ళున్నారు. ఏదీ పారేసేది కాదు, ఏదీ ముందుగా ఇంత వస్తుందని చెప్పగలిగేదీ కాదు.

కొలతల సంగతి ఇంకా తమాషా. పిక్కలు కొనేది 80 కిలోల బస్తా లెక్క. ఉద్దానం రైతు మద్దతు ధర అడిగినా బస్తాకి ఇంత అనే అడుగుతాడు. పిక్క సైజు చూసేది కిలోకి ఎన్ని పిక్కలని. ఆ బస్తాలోంచి ఎంత పప్పు దిగుతుందో చెప్పేది మాత్రం పౌన్లలో. గుండు గ్రేడూ పౌన్లలోనే. 1920ల నుంచి కొల్లం మీదుగా పప్పు అమెరికాకి వెళ్ళేది, ఆ కొనుగోలుదారు కొలత ఇక్కడ మిగిలిపోయింది. ఎగుమతి డబ్బా 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు. ఒకే గింజకి మూడు రకాల కొలతలు. సాఫ్ట్‌వేర్లో 'ఒక బస్తా = 80 కిలోలు' అని యూనిట్ కన్వర్షన్ పెడితే అయిపోయింది అనుకుంటాం. కళ్ళంలో రెండురోజులు ఎండేసరికి ఆ బస్తా 80 ఉండదు. దొంగతనం జరగలేదు, కింద పారబోయలేదు, ఎండ తాగింది. స్టాకు మాత్రం తేడా చూపిస్తుంది.

మన దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ల చరిత్ర అంటే చాలావరకు టాలీ చరిత్ర. 1986లో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టారు. తండ్రికి మిల్లులకీ ఫ్యాక్టరీలకీ ముడిసరుకులు, మిషన్ విడిభాగాలు సరఫరా చేసే వ్యాపారం ఉండేది. తన లెక్కలకి సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క కొడుకుని రాయమన్నారు. అంటే పుట్టుకలోనే అది వ్యాపారి కోసం రాసింది. కొన్నాం, అమ్మాం, ఎవరెంత ఇవ్వాలి. మా శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో డిగ్రీ అయిన ప్రతివాడూ చేరిన కంప్యూటర్ సెంటర్ బోర్డుల మీద టాలీ ఉండడం దాని గొప్పే. ఇంగ్లీషు సరిగా రాని గుమస్తా కూడా మౌసు ముట్టకుండా నడిపేస్తాడు. నేను దాన్ని తక్కువ చెయ్యను.

తయారీ అందులో తర్వాత వచ్చింది. స్టాక్ ఐటమ్‌కి బి.ఓ.ఎం. పెట్టుకుని మాన్యుఫాక్చరింగ్ జర్నల్ అనే వోచర్ వేస్తే ముడిసరుకు తగ్గి తయారు సరుకు పెరుగుతుంది. 2009లో వచ్చిన ఈఆర్పీ 9 కాలంలో, బయటివాళ్ళకి ముడిసరుకు ఇచ్చి పని చేయించుకునే జాబ్ వర్క్ చేరింది. కో-ప్రొడక్టు, బై-ప్రొడక్టు, స్క్రాపు అని విడిగా చెప్పుకునే వీలూ, ఒకే వస్తువుకి రెండు మూడు బి.ఓ.ఎం.లు పెట్టుకునే వీలూ వచ్చాయి. 2020 నుంచి టాలీప్రైమ్ అంటున్నారు. సాప్, ఒరాకిల్ లాంటి పెద్దవాటిలో రసాయన పరిశ్రమల కోసం ఇలాంటివి ముందే ఉన్నాయి, కానీ కాశీబుగ్గ మిల్లు ఓనరు సాప్ కొంటాడా!

ఇప్పుడు అసలు చిక్కు. ఖర్చు ఎలా పంచాలి? లెక్క తేలిగ్గా ఉండేందుకు నా అంకెలు కొన్ని వేసుకుందాం, ఇవి మార్కెట్ ధరలు కావు. బస్తా పిక్కలకీ కూలికీ కలిపి 10,000 అయిందనుకోండి. 20 కిలోల పప్పు దిగింది. 12 కిలోల గుండు, 5 కిలోల బద్ద, 3 కిలోల ముక్క. కిలో అమ్మకం ధరలు 700, 550, 350. మొత్తం వచ్చేది 12,200. బరువు లెక్కన ఖర్చు పంచితే అన్నీ కిలోకి 500 పడతాయి. అప్పుడు ముక్క మీద కిలోకి 150 నష్టం, గుండు మీద 200 లాభం. రిపోర్టు చూసిన కుర్ర మేనేజరు 'ముక్క ఆపేద్దాం సార్' అంటాడు. ఎలా ఆపుతావు నాయనా, అది గుండు తోబుట్టువు!

అమ్మకం విలువ లెక్కన పంచితే గుండుకి 574, బద్దకి 451, ముక్కకి 287 పడతాయి. అన్నిటి మీదా ఒకే శాతం లాభం వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ ఇదీ కల్పితమే. ఎందుకంటే లాభం ముందే సమానం అనుకుని వెనక్కి లెక్క కట్టాం. కాస్ట్ అకౌంటింగ్ పుస్తకాలన్నీ ఒప్పుకునే సంగతి ఇది. ఉమ్మడి ఖర్చుని పంచడానికి నిజమైన పద్ధతంటూ లేదు, పనికొచ్చే పద్ధతులే ఉన్నాయి. పాత గుమస్తా ఈ గొడవలోకి వెళ్ళేవాడే కాదు. బస్తాకి ఎంత పెట్టాం, బస్తా ఎంత తెచ్చింది, అంతే. ఆయన యూనిట్ బస్తా. మన సాఫ్ట్‌వేర్ యూనిట్ ఐటమ్. ఆయనదే సరైనదని నాకు చాలా కాలానికి గానీ తట్టలేదు.

ఇంక జాబ్ వర్క్ సంగతి. ముడిసరుకు మనది, చేసేవాళ్ళు బయట, ఎవరి దగ్గర ఎంత ఉందో తెలియాలి. దీనికోసం థర్డ్ పార్టీ గోడౌన్ అనీ, మెటీరియల్ అవుట్, మెటీరియల్ ఇన్ అనీ స్క్రీన్లు ఇచ్చారు. పలాస నుంచి దక్షిణంగా వస్తే శ్రీకాకుళం దాటాక పొందూరు. అక్కడి సన్న ఖద్దరు గురించి గాంధీ యంగ్ ఇండియాలో రాశారు. కొండపత్తి, ఎర్రపత్తి లాంటి పొట్టి పింజ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఏకిన పత్తి ఏకుల్ని అరటి దొప్పలో పెట్టుకుని, ఒంటికదురు రాట్నం మీద వంద కౌంటు నూలు తీస్తారు. వడికేవాళ్ళు ఆడవాళ్ళే, ఇళ్ళలోనే. నేసేవాళ్ళు వేరే ఇళ్ళలో. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం మధ్యలో ఉండి ఇస్తుంది, తీసుకుంటుంది, కూలి కడుతుంది. ఒక గదిలో చిలపలు తూచి రాసుకోవడం, అదే మన మెటీరియల్ ఇన్.

ఖాదీ లెక్కల్లో నాకు ఆసక్తిగా అనిపించేది కూలి. 1930ల దాకా వడికే కూలి మార్కెట్లో ఎంత తక్కువకి దొరికితే అంత. 1935లో గాంధీ పట్టుబట్టారు, 8 గంటలు వడికిన మనిషికి బతకడానికి సరిపడా రావాలి, 8 అణాలు ఉండాలి అని. అఖిల భారత చరఖా సంఘం అంత ఇవ్వలేక 3 అణాల కనీస కూలి దగ్గర మొదలుపెట్టింది. ఖద్దరు ధర పెరుగుతుంది, అమ్మకాలు పడిపోతాయి అని లోపలివాళ్ళే గోల చేశారు. మన భాషలో చెప్పాలంటే ఆయన స్టాండర్డ్ కాస్ట్‌ని తిరగేశారు. అమ్మకం ధర నుంచి కూలికి దిగకుండా, కూలి నుంచి అమ్మకం ధరకి ఎక్కారు. ఏ ఈఆర్పీ కాన్ఫిగరేషన్‌లోనూ ఈ చెక్‌బాక్స్ నేను చూడలేదు.

విజయనగరం వైపు గరివిడి ఫెర్రో మాంగనీసు కూడా ఇలాంటి కేసే, కొంచెం చెప్పి వదిలేస్తాను. ఆ జిల్లాలో మాంగనీసు తవ్వకం 1890లలోనే మొదలైంది. 1955లో ఏర్పడిన ఫేకర్ గరివిడిలో ఫెర్రో ఎల్లాయ్స్ ప్లాంటు పెట్టింది. ఫెర్రో మాంగనీసు చేసేటప్పుడు వచ్చే చిట్టెంలో మాంగనీసు ఇంకా మిగిలే ఉంటుంది, దాన్ని సిలికో మాంగనీసు తయారీకి ముడిసరుకుగా వాడుకోవచ్చు. అంటే ఒక కొలిమి బై-ప్రొడక్టు ఇంకో కొలిమికి పిల్ల వస్తువు. ఖనిజంలో శాతం మారితే రెసిపీ మారుతుంది. తండ్రి, పిల్ల టేబుల్ గీసినవాడికి ఇది కనపడితే జ్వరం వస్తుంది.

సరే, ఇవన్నీ మన పక్కనే ఉండగా ఫీచర్లు ఎందుకు ఆలస్యం అయ్యాయి? ఏ కాలమ్ ఎప్పుడు చేరిందో చూస్తే కొంత తెలుస్తుంది. 2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది, ఆ ఏడాదే టాలీ 7.2 వ్యాట్‌తో వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. రైతు దగ్గర పొట్టు తియ్యని జీడిపిక్కలు కొంటే పన్ను రైతు కట్టడు, కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే రివర్స్ ఛార్జ్ కింద కట్టాలి. జీడిపిక్కల పేరు పెట్టి మరీ నోటిఫికేషన్లో రాశారు. ఆ రివర్స్ ఛార్జ్ కోసం సాఫ్ట్‌వేర్లన్నీ పరుగులు పెట్టాయి. అదే పిక్క ఎంత తేమతో వచ్చింది, ఎన్ని రోజులు ఎండింది అనే గడి మాత్రం ఎవడూ అడగలేదు, ఎవడూ పెట్టలేదు. అడగడానికి గవర్నమెంటు కాదుగా.

పోనీ ఆ గడి లేకపోతే ఏమవుతుంది? దీనికి నా దగ్గర జవాబు ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేర్లతో సహా పడుకున్నాయి. జీడిమొక్క మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. పిక్కలు లేవని మిల్లు ఆగదు కదా, ఆఫ్రికా పిక్కలే దిక్కు. ఆ రోజుల్లో తెలిసినాయన ఒకరు తన మిల్లుకి చిన్న సిస్టమ్ రాసిపెట్టమన్నారు (పేర్లు వద్దు). సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు కూర్చుని ఓపెన్ సోర్స్ ఈఆర్పీ మీద కట్టాను. కొనుగోలు, ఉడకబెట్టడం, పెంకు కొట్టడం, బోర్మాలో ఆరబెట్టడం, పొట్టు తియ్యడం, గ్రేడింగ్, ప్యాకింగ్. ప్రతి దశకీ లోపలికి ఎంత, బయటికి ఎంత. నాకే ముచ్చటేసి, అడక్కుండానే ఒక రిపోర్టు చేసిచ్చాను. పొట్టు తీసే ఆడవాళ్ళలో ఎవరి చేతిలో ఎంత శాతం గుండు విరిగి బద్ద, ముక్క అవుతోంది అని. పేర్ల వారీగా, ఎక్కువ విరిచినవాళ్ళు పైన, ఎరుపు రంగులో.

వాళ్ళకి కూలి కిలో లెక్కన. ఓనరు ఆ రిపోర్టు పట్టుకుని పైన ఉన్న ఏడుగురికి కోత పెట్టాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు వాళ్ళలో ఒకావిడ, మా అమ్మకంటే పెద్దది, నన్ను ఆపింది. "ఏటి బాబూ, నువ్వేనా కంపూటర్ల నా పేరు ఎర్రగా రాసినోడివి?" అంది. నేను ఏదో నసిగాను. "ఆ మూల బల్ల కాడ కూకున్నోలందరికీ బయటి పిక్కే వస్తాది బాబూ. సరిగ్గా ఆరదు. పొట్టు ఒగ్గదు. గీకితే ఇరక్కుండా ఉంటాదేటి? నా సెయ్యి రాసినావు గానీ, పిక్క ఆరిందో నేదో రాసినావేటి?"

రాయలేదు. బోర్మాలో తక్కువ ఆరితే పొట్టు అంటుకుపోతుంది, గీకాల్సి వస్తుంది, విరుగుతుంది. ఎక్కువ ఆరితే పెళుసెక్కి ముట్టుకుంటేనే విరుగుతుంది. విరగడంలో చేతి వంతు చివరిది, పిక్క ఎక్కడిది, ఎంతసేపు ఆరింది అన్నవి ముందున్నాయి. ఆఫ్రికా లాట్లు ఆ మూల బల్లలకి వెళ్ళడానికి కారణం కూడా ఏమీ లేదు, గోడౌన్ తలుపు అటువైపు ఉంది. మేస్త్రీ పాత పుస్తకం తీసి చూశాను. ప్రతి రోజు పద్దు పక్కన, అంకెలు కాని చోట, చిన్న అక్షరాలతో 'పచ్చి', 'బాగా ఎండింది', 'ఓడ సరుకు', 'వాన' అని రాసుకున్నాడు. డేటా మార్చేటప్పుడు నేను ఆ పుస్తకమే ముందు పెట్టుకుని టేబుల్స్ గీశాను. అంకెలున్న కాలమ్స్ అన్నీ తీసుకున్నాను. ఆ మాటల్ని 'రిమార్క్స్' అనుకుని వదిలేశాను. వాలిడేషన్‌కి లొంగవు కదా.

తర్వాత లాట్ నంబరు, పిక్క ఊరు, తేమ, బోర్మాలో ఎన్ని గంటలు అని గడులు పెట్టాను. ఈసారి విరుగుడుని ముందు లాట్ వారీగా, ఆ తర్వాతే మనిషి వారీగా చూపించేలా మార్చాను. ఒకే లాట్ మీద పనిచేసినవాళ్ళని మాత్రమే ఒకరితో ఒకరిని పోల్చాలి అని షరతు పెట్టాను. ఆ ఏడుగురిలో ఆరుగురు మామూలు వరసలోకి వచ్చేశారు. ఏడో ఆవిడకి కళ్ళు సరిగా కనపడవట. అదీ నా గడుల్లో లేదు.

కోసిన డబ్బులు తిరిగి ఇచ్చేయండి అని ఓనరుని అడిగాను. ఆయన చెడ్డవాడేం కాదు. ఇద్దామనే సిస్టమ్ తెరిచి ఆ వారాల కూలి పద్దు మీద నొక్కాడు. తెరుచుకోలేదు. 'పీరియడ్ క్లోజ్ అయింది, మార్పులు కుదరవు' అని వచ్చింది. "చూశారుగా, సిస్టమే వద్దంటోంది" అన్నాడు నవ్వుతూ. ఆ మెసేజ్ రాసింది నేనే. లెక్కల్లో ఎవరూ వెనక్కెళ్ళి వేలు పెట్టకూడదని.

అడ్మిన్‌లో వెళ్ళి తెరవడానికి పది నిమిషాలు పట్టింది. ఆరుగురికి ఇచ్చాడు. ఏడో ఆవిడ అప్పటికే పని మానేసి వెళ్ళిపోయింది.